సింకు దగ్గర మొదలయ్యే గొడవ: వంటింటి శుభ్రం మీద ఇంట్లో ఒక మాటకు రావడం ఎలా

నేను వంటల గురించి రాస్తుంటాను. కానీ నన్ను అడిగేవాళ్లలో సగం మంది వంట గురించి అడగరు. "మా అత్తగారు ఒకే గుడ్డతో గట్టూ తుడుస్తారు, కంచాలూ తుడుస్తారు, ఎలా చెప్పను?" "మా కోడలు రాత్రి అంట్లు సింకులోనే వదిలేసి పడుకుంటుంది, నేను పొద్దున్నే వాటి మొహం చూడాలి." "మా ఆయన గిన్నెలు కడిగేశానంటాడు, అడుగున పప్పు అలాగే ఉంటుంది." "రూమ్‌లో నలుగురం, ఎవడూ సింకు ముట్టడు." అడిగేవాళ్లు మారతారు, ప్రశ్న మాత్రం అదే. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ఈ గొడవలో అందరూ 'శుభ్రం' అనే మాటే వాడతారు గానీ ఎవరి శుభ్రం వాళ్లది. ఒకరికి గట్టు మీద వస్తువేదీ కనపడకపోతే శుభ్రం. ఒకరికి ఎంగిలి కలవకపోతే శుభ్రం. ఇంకొకరికి వాసన రాకపోతే చాలు. మా అత్తయ్యగారు ఎంగిలి గరిటె తగిలిన కూర తినరు, కానీ వారం నాటి మసిగుడ్డతో కంచం తుడిచి వడ్డిస్తారు. నేను గుడ్డలు రోజూ ఉతుకుతాను, కానీ రుచి చూసిన గరిటెతోనే కూర కలిపేస్తాను, అదీ ఆవిడ అటు తిరిగినప్పుడు. మా ఇద్దరిలో శుభ్రమైన మనిషి ఎవరని పంచాయతీ పెడితే తీర్పు రాదు. అందుకే కింద చెప్పే పద్ధతిలో మనుషుల్ని పక్కనబెట్టి పనుల్ని విడదీస్తాం.

కావలసినవి

- మూడు రంగుల గుడ్డలు, ఒక్కో రంగువి మూడేసి. పాత కాటన్ చీర చింపినా చాలు, రంగు తేడా కంటికి ఆనాలి.
- గిన్నెలు తోమే పీచులు రెండు. ఒకటి మామూలు అంట్లకి, ఒకటి కోడి, చేప, గుడ్డు తగిలిన వాటికి.
- కూరలకొక పలక, మాంసానికొక పలక. కత్తిపీట వాడే ఇల్లయితే మాంసానికి విడిగా ఒక కత్తి.
- కాగితం టేపు, మార్కర్ పెన్ను.
- తెల్ల కాగితాలు ఓ నాలుగు, చెంచాడు పసుపు. ఎందుకో మూడో మెట్టులో చెప్తాను.
- అందరూ కూర్చోగలిగిన అరగంట. ఆదివారం సాయంత్రం టీ వేళ బాగుంటుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక మాత్రం వద్దు, అప్పుడు అందరికీ నిద్ర, వంట చేసిన మనిషికి చిరాకు.

కొత్త లిక్విడ్లు, స్ప్రేలు ఇప్పుడే కొనకండి. గొడవ మొదలైన ప్రతి ఇంట్లోనూ సింకు కింద సగం వాడిన సీసాలు అరడజను కనిపిస్తాయి.

1. వారం రోజులు రాయండి, నోరు మెదపకండి

మీకు చిరాకు పుట్టించినది కనిపించగానే ఓ కాగితం మీద రాసుకోండి. చూసింది చూసినట్టు రాయాలి. "వంటిల్లు ఛండాలంగా ఉంది" అని రాస్తే దానితో ఏమీ చేయలేం. "గురువారం రాత్రి సింకు జాలీలో మెతుకులు" అని రాస్తే చేయడానికి ఓ పని దొరుకుతుంది. అవతలివాళ్లనీ రాయమనండి. పెద్దవాళ్లు రాయరు, కాబట్టి "అత్తయ్యా, నేను చేసేవాటిలో మీకు నచ్చనివి ఓ ఐదు చెప్పండి" అని అడిగి మీరే రాయండి. మొదట "నాకేం ఉంటాయమ్మా" అంటారు. రెండో రోజుకి పదకొండు చెప్తారు. వినండి, జవాబివ్వకండి.

జాగ్రత్త: ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించకండి. చుట్టాలొచ్చి చదివిన రోజున కథ వేరే ఉంటుంది.

అవతలివాళ్లు ఒప్పుకోకపోతే మీది ఒక్కటే రాసుకోండి. పద్ధతి సగం పనిచేస్తుంది, ఆ సగం కూడా తక్కువేం కాదు.

2. రాసినవాటిని మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప: జబ్బు తెచ్చేవి. పచ్చి మాంసం తగిలిన చోట టమాటా తరగడం, మే నెలలో అన్నం రాత్రంతా బయట వదిలేయడం, బాత్రూం నుంచి వచ్చి చేతులు కడగకుండా పిండి కలపడం. ఇందులో బేరాలు లేవు. ఎవరి పెద్దరికమూ, ఎవరి సంపాదనా ఇక్కడ చెల్లదు.

రెండో కుప్ప: పురుగు, వాసన తెచ్చేవి. రాత్రి అంట్లు, నిండిన తడి చెత్త డబ్బా, సింకు కింద తడి, పొయ్యి కింద జిడ్డు. ఇవి ఇప్పటికిప్పుడు జబ్బు చేయవు, కానీ గడువు దాటితే ఇల్లంతా అనుభవిస్తుంది. ఇందులో తేల్చాల్సింది 'ఎప్పటిలోగా' అన్నదే.

మూడో కుప్ప: కంటికీ మనసుకీ సంబంధించినవి. డబ్బాలు వరసలో ఉండాలా, గ్లాసులు బోర్లించాలా వెల్లకిలా పెట్టాలా, కుళాయి మెరవాలా. గుడ్డుకి వేరే గిన్నె, పూజ రోజు మడి కూడా ఇక్కడికే వస్తాయి. ఈ కుప్పలో సూత్రం ఒకటే: ఎవరికి పట్టింపో వాళ్లు చేసుకోవాలి, మిగతావాళ్లు చెడగొట్టకూడదు.

కుప్పలు చేసేటప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. మా ఇంట్లో నేను రాసిన పద్నాలుగింటిలో తొమ్మిది మూడో కుప్పలో పడ్డాయి. అన్నేళ్లూ ఆరోగ్యం పేరు చెప్పి నేను పోట్లాడింది చాలావరకు నా కంటికి నచ్చకే. అత్తయ్యగారి పట్టింపుల్లో నేను చాదస్తం అనుకున్నవి రెండు మొదటి కుప్పలో తేలాయి. వాటిలో ఒకటి చెప్తాను: ఎంగిలి గరిటె మళ్లీ గిన్నెలో పెట్టకూడదన్నది. నోట్లో పెట్టిన చెంచా కూరలో ముంచి, ఆ కూరని సాయంత్రం దాకా బయట ఉంచితే పాడవడానికి మనమే విత్తనం వేసినట్టు. ఇప్పుడు పొయ్యి పక్కన చిన్న గిన్నె పెట్టాను, కూర అందులోకి వేసుకుని రుచి చూస్తాను.

ఇంకో సంగతీ చెప్పాలి. పనావిడకి వేరే గ్లాసు, వేరే కంచం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి, దాన్నీ శుభ్రం పద్దులోనే రాస్తారు. మీ గిన్నెలన్నీ తోమే చేతికి గ్లాసు విడిగా పెట్టడం ఈ మూడు కుప్పల్లో దేనిలోనూ పడదు. దాని పేరు వేరు, ఆ పేరు అందరికీ తెలుసు.

3. మొదటి కుప్పకి నియమాలు పెట్టండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటి వంటకి చెప్పే సూత్రాలు ఐదు: శుభ్రంగా ఉంచడం, పచ్చివి వండినవి వేరు చేయడం, బాగా ఉడికించడం, తగిన వేడిలోనో చల్లదనంలోనో దాచడం, మంచి నీళ్లు, మంచి సరుకు వాడటం. సిద్ధాంతం ఇంతే చాలు. మన ఇళ్లలో తగువులు ఎక్కువగా ఈ నాలుగు చోట్ల వస్తాయి.

కోడి కడగడం. కడగకుండా వండటం మనవాళ్లకి మింగుడుపడదు. ఉప్పూ పసుపూ వేసి నాలుగుసార్లు కడిగితేనే తృప్తి. కానీ కుళాయి కింద పచ్చి కోడిని పెడితే దాని మీది క్రిములు నీళ్ల తుంపరతో చుట్టూ పడతాయి. ఆ క్రిములని చంపేది ఉడకడమే, కడగడం కాదు. ఇది మాటలతో ఎవరూ నమ్మరు, చూపించాలి. పసుపు నీళ్ల పరీక్ష ఇలా చేయండి: సింకు చుట్టూ గట్టు మీద తెల్ల కాగితాలు పరవండి. ఓ గిన్నెలో పసుపు నీళ్లు పోసి, బంగాళాదుంప ముక్కలు వేయండి. ఆదివారం కోడి కడిగే మనిషినే పిలిచి, రోజూ ఎలా కడుగుతారో అలాగే కుళాయి కింద కడగమనండి. ఆ తర్వాత కాగితాలు చూడండి.

మా ఇంట్లో ఆ మనిషి మా ఆయన. కాగితాల మీద చుక్కలు ఎలాగూ పడ్డాయి. అవి దాటి రెండడుగుల దూరంలో గ్లాసుల స్టాండు దాకా వెళ్లాయి. అక్కడ అత్తయ్యగారి మంచినీళ్ల చెంబు ఉంది. మామయ్యగారు పోయాక ఆవిడ మాంసం మానేశారు. చెంబు మూతి మీద ఆవగింజంత పసుపు చుక్క. ఆవిడ వేలితో తుడిచి, ఆ వేలు కొడుక్కి చూపించి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆ ఇంట్లో కోడి కుళాయి కిందకి పోలేదు.

కడగకుండా ఉండలేనివాళ్లకి ప్రత్యామ్నాయం: లోతైన గిన్నెలో ముక్కలు వేసి, నీళ్లు నెమ్మదిగా పోసి, చేత్తో కలిపి, సింకులోకి దగ్గరగా వంచి పారబోయండి. చుట్టుపక్కల గిన్నెలు ముందే తీసేయండి. అయ్యాక సింకు, కుళాయి పిడి, చేతులు సబ్బుతో కడగాలి. కుళాయి పిడిని అందరూ మరిచిపోతారు. కోడి చేత్తో తిప్పిన పిడినే కడిగిన చేత్తో మళ్లీ తిప్పుతాం.

అన్నం. బియ్యంలో ఉండే ఒక రకం క్రిమి వండినా పూర్తిగా చావదు. అన్నం బయట గోరువెచ్చగా ఉంటే మళ్లీ పెరిగి విషం తయారుచేస్తుంది, తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి "పొద్దున వేడి చేసుకుందాంలే" అన్న మాట అన్నం విషయంలో పనికిరాదు. వండింది రెండు గంటలకి మించి బయట ఉంచకూడదు. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీల సెల్సియస్‌కి మించకూడదు. "వేడివేడిగా ఫ్రిజ్‌లో పెట్టకూడదు" అనే పెద్దవాళ్లతో వాదించక్కర్లేదు. వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాను కింద అరగంట పెడితే అన్నం చల్లారుతుంది, ఇద్దరి మాటా నిలుస్తుంది. చద్దన్నం తినలేదా అంటారు. నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టిన అన్నానికి పులుపు కాపలా ఉంటుంది. గిన్నెలో ఊరికే వదిలేసిన అన్నానికి ఆ కాపలా లేదు.

డబ్బాలకి టేపు అంటించి తేదీ వేయండి. "ఇది ఎప్పటి పప్పు?" అనే ప్రశ్నే లేకుండా పోతుంది, దానితోపాటు వాసన చూసి మొహం చిట్లించడమూ పోతుంది.

గుడ్డలు. చేతులకి ఒక రంగు, గట్టుకి ఒక రంగు, వేడి గిన్నెలు దించే మసిగుడ్డకి ఒక రంగు. కంచాలు గుడ్డతో తుడవకుండా స్టాండులో ఆరబెట్టడమే మేలు. తుడవాల్సిందే అంటే చేతుల రంగులోంచి ఆరోజు ఉతికినది తీసుకోండి. మొదటి రెండూ రోజూ మార్చాలి. ఉతికి ఎండలో వేయాలి. వానాకాలంలో ఎండ లేకపోతే ఓ పాత గిన్నెలో సబ్బునీళ్లు పోసి పది నిమిషాలు మరిగించి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. సగం ఆరిన గుడ్డ కంటే మురికిగుడ్డ నయం, కనీసం చూడగానే తెలుస్తుంది.

పీచు. 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు వాడిన వంటింటి స్పాంజీలు పద్నాలుగు పరీక్షించి, 362 రకాల సూక్ష్మజీవుల జాడలు చూశారు. అన్నీ రోగాలు తెచ్చేవని కాదు. కానీ మరిగించీ ఉడికించీ బాగుచేసే బదులు వారానికోసారి పారేయడమే మేలన్నారు. స్పాంజి బదులు నైలాన్ జాలీ పీచు వాడితే త్వరగా ఆరుతుంది. ఏది వాడినా పిండి, నీళ్లు నిలవని చోట పెట్టండి. సబ్బు గిన్నెలో నానుతూ ఉండే పీచు పనికిరాదు.

4. రెండో కుప్పకి రాత్రి గడువు పెట్టండి

"రాత్రి అంట్లు ఉంటే ఇంట్లో లక్ష్మి నిలవదు" అనే మాట మీద చర్చ పెట్టకండి. లక్ష్మి సంగతి ఎలా ఉన్నా బొద్దింక నిలుస్తుంది. దానికి కావలసింది తిండి, తడి, చీకటి. మనం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మూడూ ఇస్తాం.

తోమి పడుకోవాలా, పొద్దున పనావిడ వచ్చేదాకా ఆగాలా అన్నది ఇంటింటి ఓపికని బట్టి. పొద్దుటికి ఉంచేట్టయితే కనీసం ఇవి జరగాలి:

- కంచాల్లోది, గిన్నెల్లోది గీకి తడి చెత్తలో వేయాలి.
- ఒకసారి నీళ్లు పోసి తొలిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చకుండా పక్కన పేర్చాలి.
- సింకు జాలీ తీసి దులిపి కడగాలి.
- సింకు, చుట్టూ గట్టు పొడిగా తుడవాలి.
- తడి చెత్త డబ్బాకి మూత పెట్టాలి, లేదా బయట పెట్టాలి.

గట్టిగా పది నిమిషాల పని. అంట్లన్నీ సింకు నిండా నీళ్లు పోసి నానబెట్టడం మాత్రం మానండి. ఆ నీళ్లు తెల్లారేసరికి పులిసి కంపు కొడతాయి, పురుగుకి చెరువు తవ్విచ్చినట్టూ ఉంటుంది. మాడిన గిన్నె ఒక్కటే నానాలి, దానిమీద మూత పెట్టండి.

వేపుడు నూనె సింకులో పోయకండి. ముందు పాత పేపరుతో బాణలి తుడిచి, తర్వాత కడగండి. గొట్టంలోకి వేడినీళ్లు పోయడం మంచిదే, కానీ సలసల మరిగేవి వద్దు, ప్లాస్టిక్ గొట్టాలు మెత్తబడతాయి.

బొద్దింకలు ఇప్పటికే ఉంటే జెల్ మందు చుక్కలు అల్మరా తలుపుల కీళ్ల దగ్గర, సింకు కింద, ఫ్రిజ్ వెనక పెట్టండి. పెట్టిన చోట స్ప్రే కొట్టకండి. స్ప్రే వాసనకి అవి జెల్ దగ్గరికి రావు, రెండు మందులూ దండగ. గట్టు మీద తిండి దొరుకుతున్నా జెల్ తినవు.

5. 'అయిపోయింది' అంటే ఏమిటో మాటల్లో పెట్టండి

ఇంట్లో సగం గొడవలు ఇక్కడే. "గిన్నెలు కడిగాను" అన్న మాట ఆయనకి నిజం, మీకు అబద్ధం. పని పేరు చెప్తే సరిపోదు, ఎక్కడితో ముగుస్తుందో చెప్పుకోవాలి. మేం రాసుకున్నవి మచ్చుకి:

గిన్నెలు కడగడం అంటే: కుక్కరు మూతకున్న రబ్బరు తీసి కడగడం, గిన్నెల అంచు మడత లోపల వేలు తిప్పి చూడటం, గ్లాసు అడుగు తోమడం, చివర్న సింకుని కూడా ఒక గిన్నె అనుకుని తోమడం.

గట్టు తుడవడం అంటే: పోపుల డబ్బా, నూనె సీసా ఎత్తి కింద తుడవడం. పొయ్యి కింద గుడ్డ పోనివ్వడం. తుడిచాక ఆ గుడ్డ ఉతికి ఆరేయడం. ఉండచుట్టి కుళాయి మీద వేస్తే పని కానట్టే.

పొయ్యి తుడవడం అంటే: పొయ్యి పూర్తిగా చల్లారాక, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేశాక, బర్నర్ మూతలు తీసి సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాక పెట్టడం. మంట నీలంగా వస్తే సరే. పసుపు నాలుకలు లేస్తూ గిన్నెల అడుగు మసిబారుతుంటే రంధ్రాలు ఇంకా మూసుకునే ఉన్నాయి, గుండుసూదితో తెరవండి.

6. పనిని ముక్కలు చేయకుండా పంచండి

"నీకు సాయం చేస్తాను" అనే మాటలోనే తిరకాసు ఉంది. సాయం చేసే మనిషికి ప్రతిసారీ చెప్పాలి, చెప్పే బరువు ఇంకొకరిదే. పని మొత్తం ఒకరికి అప్పగించండి. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, తడి చెత్త వాడిది. డబ్బా నిండిందో లేదో చూడటం, బయట పెట్టడం, డబ్బా కడగడం, అన్నీ. మొదటి రెండు వారాలు మరిచాడు. మేం గుర్తుచేయలేదు. మూడో వారం అరటి తొక్కల మీద ముసిరిన ఈగలు గుర్తుచేశాయి.

పనావిడ ఉన్న ఇంట్లో ఆవిడనీ కూర్చోబెట్టి అడగండి. ఏ పీచు దేనికో చెప్పకుండా రెండు పీచులు పెడితే ఆవిడ చేతికందింది వాడుతుంది, తప్పు మనదే. నాన్‌స్టిక్ పెనం మీద స్టీలు పీచు పడింది కూడా అలాగే. ఆ పెనం మనమే తోముకోవడం తేలిక.

7. చెప్పే తీరు

గుర్తుంచుకోండి: అంట్ల గిన్నె ఎవరి చేతిలోనైనా ఉన్నప్పుడు ఈ మాట ఎత్తకూడదు. గిన్నె కింద పెట్టాక, తిన్నాక చెప్పండి. మనిషిని మార్చే మాట కాకుండా వస్తువుని మార్చే మాట చెప్పండి.

అత్తగారితో: "ఆ గుడ్డ కంపు కొడుతోంది అత్తయ్యా" అనకండి. "అత్తయ్యా, చేతులకీ కంచాలకీ ఈ తెల్లవి పెట్టాను, పాతది వేడి గిన్నెలు దించడానికి ఉంచుకుందాం" అనండి.

కోడలితో: "మా రోజుల్లో..." అని మొదలుపెట్టారంటే ఆ వాక్యం ఎవరూ వినరు. "రాత్రి అంట్లు సింకులో ఉంటే నాకు నిద్ర పట్టదమ్మా. నువ్వు గీకి పక్కన పెట్టు, జాలీ నేను చూసుకుంటా" అంటే రెండు చేతులు కలుస్తాయి.

భర్తతో: "కడిగావా?" అని అడిగితే "ఆఁ" అంటాడు. "కుక్కరు రబ్బరు తీశావా?" అని అడగండి. లేచి వెళ్తాడు.

తరచూ చేసే తప్పులు

వాళ్లు కడిగిందాన్ని వాళ్ల ముందే మళ్లీ కడగడం. ఇంతకంటే పెద్ద అవమానం వంటింట్లో లేదు. బాగా కుదరకపోతే రేపు చెప్పండి, ఇవాళ్టికి ఆ గిన్నెలో వండకండి.

మాట అనకుండా గిన్నెలతో అనిపించడం. స్టాండులో ధడేలుమని పెట్టే ప్రతి గిన్నె హాల్లో వినిపిస్తుంది, అక్కడ టీవీ సౌండు పెరుగుతుంది.

పుట్టింటి వంటిల్లు ఎత్తడం. దీనికి విరుగుడు లేదు.

నీళ్ల మరకని మురికి అనుకోవడం. బోరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో గ్లాసుల మీద తెల్ల మచ్చలు వస్తాయి, అవి ఉప్పు. తడిపితే మాయమై, ఆరాక మళ్లీ కనిపిస్తే అదే. నిమ్మచెక్కతో రుద్దండి, పోతుంది. దాని కోసం కడిగినవాళ్లని తప్పుపట్టకండి.

నీచు వాసన వచ్చే గ్లాసుల్ని వేడినీళ్లతో కడగడం. గుడ్డు తగిలిన గిన్నెకి ముందు చన్నీళ్లు పోయాలి. వేడినీళ్లకి గుడ్డు ఉడికి అంటుకుంటుంది. ఆ తర్వాత శనగపిండో నిమ్మచెక్కో వేసి రుద్ది, సబ్బుతో కడగండి.

వంటసోడా, వెనిగర్ కలిపి పోసి నురగ చూసి మురిసిపోవడం. రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లు. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి.

ఇది తప్పు కాదు, ప్రమాదం: బ్లీచ్‌ని బాత్రూం యాసిడ్‌తో గానీ, వెనిగర్, నిమ్మరసంతో గానీ కలపకండి. విషవాయువు వస్తుంది. మాంసం పలకకి బ్లీచ్ వాడాలంటే ముందు సబ్బుతో కడిగి, లీటరు నీళ్లకి చిన్న చెంచాడు మించకుండా కలిపి, కిటికీ తెరిచి వాడండి. తర్వాత నీళ్లతో కడిగి ఆరనివ్వండి. ఇంట్లో చంటిపిల్లలుంటే ఆ సీసా అసలు వంటింట్లో వద్దు.

పని జరుగుతోందా అని చూసుకోవడం

నెల రోజులు వారానికోసారి ఈ పరీక్షలు చేయండి. ఒక వారం మీరు, ఒక వారం వాళ్లు. ఎప్పుడూ ఒకరే చేస్తే అది ఇన్‌స్పెక్షన్ అయిపోతుంది.

గట్టు మీద పొడి తెల్లగుడ్డతో గట్టిగా ఒక్కసారి రుద్దండి. పచ్చగా వస్తే నూనె, పసుపు ఇంకా ఉన్నాయి. స్టీలు కంచం మీద తడి వేలు నొక్కి లాగండి. కీచుమంటే జిడ్డు పోయింది, జారితే పోలేదు. పొద్దున్నే ఎవరూ కుళాయి తిప్పకముందు సింకు దగ్గర వంగి వాసన చూడండి. గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకోండి, పుల్లటి వాసన వస్తే ఉతికారు కానీ ఆరలేదు.

బొద్దింకలకి: రాత్రి పదకొండు దాటాక చప్పుడు లేకుండా వెళ్లి లైటు వేసి లెక్కపెట్టండి. మొదటి వారం మాకు తొమ్మిది. నాలుగో వారం ఒకటి, అదీ సింకు దగ్గర కాదు, పప్పుల అల్మరా దగ్గర. అల్మరా వెనక్కి ఓ బిస్కెట్ ముక్క పడి ఉంది.

వేరే రకం ఇళ్లకి

రూమ్‌లో కలిసుండే కుర్రాళ్లకి ఇంత అక్కర్లేదు. తలకో కంచం, ఓ గ్లాసు, ఓ చెంచా, టేపు మీద పేరు. మిగతావన్నీ అట్టపెట్టెలో కట్టి మంచం కిందకి తోసేయండి. కడగని కంచం ఎవరిదో వాడికి రేపు తిండి పెట్టుకునేందుకు ఏమీ ఉండదు. వంట గిన్నెలు రెండే ఉంచుకోండి, వండనివాడు తోమాలి.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి ఆరునెలలకి వచ్చే పెద్దవాళ్ల సంగతి వేరు. అక్కడ వంటిల్లు పిల్లలది, అలవాటు పెద్దలది. మొదటి వారంలోనే డిష్‌వాషర్ ఒకసారి కలిసి నింపండి. మెతుకులు గీకితే చాలని, తోమి పెట్టక్కర్లేదని చూపించండి. ఇనప పెనం, చెక్క గరిటెలు, ఇత్తడి అందులో పెట్టకూడదని కూడా. అయినా అమ్మ ముందు తోమేసే పెడుతుంది. అది మూడో కుప్ప, వదిలేయండి.

మా ఇంట్లో ఇంకా తెగనిది ఒకటే, ఆమ్లెట్ పెనం. అది వంటింట్లో ఉండకూడదని అత్తయ్యగారు, ఉంటే ఏమవుతుందని మా ఆయన. ప్రస్తుతానికి బాల్కనీలో మేకుకి వేలాడుతోంది, పక్కనే దాని పీచు. జూన్‌లో వానలు మొదలైతే లోపలికి తేవాలి. ఆ మాట ఎవరెత్తాలో ఇంకా తేలలేదు.